జేగురు అంటని ప్లేటు

నంద్యాల్లో ఆ పోలీసు స్టేషనుకు మేడ మీదికి ఇరవై రెండు మెట్లు. సీఐ గది పైన. శుక్రవారం ఉదయం పది గంటల పది నిమిషాలకు డిటెక్టివ్ షాలిని వచ్చేసరికి లూదియా ఆ మెట్ల కింద బెంచీ మీద కూర్చుని ఉంది. ఒళ్లో టిఫిను క్యారియరు, పక్కన చేతికర్ర. ఆమె భర్త జీవరత్నం పైన ఉన్నాడు. సాయంత్రం నాలుగింటికి అతణ్ణి మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు, అటునుంచి అటే జైలు. షాలినికి మిగిలింది ఆరు గంటలకు పది నిమిషాలు తక్కువ.

"పైకి పోలేదా అక్కా?"

"జయప్రకాషప్ప మెట్లెక్కొద్దన్యాడు. కర్నూల్లో డాక్టరు ఎక్కొచ్చనే చెప్పినాడు గానీ, ఈయప్ప వద్దంటాండాడు. మంగళవారం నుంచి దినామూ ఇంటికి ఆటో పంపిస్తాండాడు. మా ఆయన లోపలుంటే నన్నెవరు పట్టించుకుంటారు చెప్పు? ఆయప్ప పట్టించుకుంటాండాడు."

జయప్రకాష్ అంటే జీవరత్నం యజమాని. జనవరి ఆఖర్లో లూదియా బస్సు దిగుతూ పడి తొడ ఎముక విరగ్గొట్టుకుంటే, ఎముకకు వేసే టైటానియం ప్లేటు ఊరికే చేయించి ఇచ్చాడు. ఆ ఇంట్లో అప్పటి నుంచీ ఆయన పేరు ప్రార్థనలో కూడా వస్తోంది.

"సాయంత్రానికి అన్నను ఇంటికి తెస్తానక్కా" అనేసింది షాలిని. అనేశాక నాలుక కరుచుకుంది. పదిహేనేళ్లుగా పెండ్లి సంబంధాల ఎంక్వైరీలు చేసి బతుకుతున్న మనిషి ఇలాంటి మాటలు ఇవ్వకూడదు. కానీ సండేస్కూల్లో తనకు పాటలు నేర్పిన లూదియా అలా కర్ర పట్టుకుని కూర్చుంటే నోరు ఊరుకోలేదు.

సంగతి ఇది. టైటానియం లోహాన్ని పిండి చేసి, లేజరుతో పొర మీద పొర కరిగించి పేర్చి, రోగి ఎముక కొలతకు సరిగ్గా ప్లేటు అచ్చు వేసే యంత్రం జయప్రకాష్‌కు నంద్యాల్లో ఉంది. యంత్రంలోంచి వచ్చిన ప్లేటు గరుకుగా ఉంటుంది. సగం కరిగిన పలుకులు ఒంటినిండా అంటుకుని ఉంటాయి. పలుకుకూ పలుకుకూ మధ్య ఉండే గుంటలోంచే ఏనాటికైనా పగులు మొదలవుతుంది. అందుకే చేత్తో సానబట్టి ఆ గుంటలు పోయేదాకా నునుపు చేయాలి. అలాంటి చేతులు ఆళ్లగడ్డలో ఉన్నాయి. పాతికేళ్లు రాతి విగ్రహాలకు నునుపు పెట్టిన జీవరత్నాన్ని జయప్రకాష్ ఆరేళ్ల కిందట ఈ పనికి తెచ్చుకున్నాడు. అతని కోసమే నునుపు షెడ్డు ఆళ్లగడ్డలో పెట్టాడు.

మంగళవారం పొద్దున ఆరూ నలభైకి ఎరువుల వ్యాపారి వీరభద్రయ్య తన అంగడి మెట్లెక్కుతుంటే తొడలో ప్లేటు విరిగింది. వెనక్కి పడ్డాడు, తల పగిలింది, ఎనిమిదికల్లా ప్రాణం పోయింది. నునుపు సరిగా లేనిచోట పగులు మొదలైందని డాక్టర్లు రాశారు. ప్రతి ప్లేటుకూ రాసే నునుపు కార్డు మీద సంతకం జీవరత్నానిది. వీరభద్రయ్య భార్య వరలక్ష్మి ఫిర్యాదు ఇచ్చింది, పోలీసులు జీవరత్నాన్ని పట్టుకొచ్చారు. ఎవరికీ ఏ అనుమానమూ లేదు, లూదియాకు తప్ప.

సీఐ ఆనందరావు షాలినిని చూసి కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఏం మేడం, పెండ్లి ఎంక్వైరీలు అయిపోయినాయా?"

"మూఢం నడుస్తాంది కద సార్. ఖాళీగా ఉండా."

"ఈడ కూడా పనేం లేదు. ఆయప్పే ఒప్పుకున్యాడు. తప్పు నాదే అన్యాడు, రాసుకున్యాం, సంతకం పెట్టినాడు."

"ఏం తప్పు?"

"తప్పంటే తప్పే."

"సరిగా రుద్దలేదా? ఎక్కువ రుద్ది పల్చగా చేసినాడా? సగంలో ఇచ్చేసినాడా? మూడిట్లో యాదని రాసినారు సార్?"

ఆనందరావు పెన్ను మూత తీశాడు, పెట్టాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఒప్పుకున్నవాణ్ణి మళ్లీ ప్రశ్నలు వేసేంత తీరిక అతనికి లేదు, అంతే. "పది నిమిషాలు మాట్లాడుకో. నాలుగింటికి నేను మాత్రం కోర్టులో ఉండాల" అన్నాడు.

జీవరత్నం మూల గదిలో స్టూలు మీద ఉన్నాడు. యాభై ఎనిమిదేళ్లు. షాలిని ఎదురుగా కూర్చోగానే రెండు చేతులూ బల్ల మీద నుంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"అన్నా, వీరభద్రయ్యకు వేసిన నలభై ఒకటో నంబరు ప్లేటు నువ్వే చేసినావా?"

"నేనే."

"ఎన్ని దినాలు?"

"మూడు. పొద్దున తొమ్మిది నుంచి పొద్దు వాలేదాకా. బల్బు యెలుతుర్లో గీత కనపడదు, పగలే చేయాల."

"యాడన్నా తొందరపడినావా?"

"లేదమ్మా. ఆ పనిలో తొందరపడేవాణ్ణయితే మా మేస్త్రీ నన్ను మొదటి దినమే తరిమేసుండు."

"మరి తప్పు నాదే అంటే ఏందన్నా?"

అతను గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. షాలిని కిందికి వంగి అతని చేతులు చూసింది. కుడి బొటనవేలి గోరు కింద ఎర్రగా ఉంది.

"ఈ ఎరుపేంది?"

అతను గుప్పిట మూశాడు. "పాతది. రాళ్ల పని చేసేటప్పటిది."

"ఆరేళ్లనాటి ఎరుపు గోరు కింద ఉంటాదా అన్నా?"

"నన్నడగొద్దమ్మా. నాలుగింటికి పోతా, శిక్ష వేస్తే పడతా. లూదియా కాలు నొప్పంటాందా? అది చెప్పు."

మనిషి అబద్ధం చెప్పడం లేదు, నిజమూ చెప్పడం లేదు. ఏదో ఒకటి పళ్ల బిగువున పట్టుకుని కూర్చున్నాడు. భార్యాభర్తల మధ్య తిరిగి తిరిగి షాలినికి ఆ ముఖం బాగా తెలుసు. తప్పు చేసినవాడి ముఖం ఒకలా ఉంటుంది, తప్పు చేశానేమో అని కుములుతున్నవాడి ముఖం ఇంకోలా ఉంటుంది. ఇతనిది రెండోది.

లేచి వెళ్లి సీఐని బతిమాలి విరిగిన ప్లేటు చూసింది. ఆసుపత్రివాళ్లు కడిగి కవరులో వేసి ఇచ్చిన రెండు ముక్కలు. తాకనివ్వలేదు, కవరు మీంచే భూతద్దం పెట్టుకోమన్నాడు. పైవైపు అంతా ఒకే తళుకు. ఎముకకు ఆనుకునే లోపలి వైపు సన్నసన్న బొక్కల జల్లెడ. ఎముక అందులోకి పెరిగి పట్టుకోవడానికి కావాలనే అలా అచ్చు వేస్తారు. ఆ బొక్కలు తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి.

మూడు రోజులు చేత్తో రుద్దిన ప్లేటు మీద ఒక్క గీతైనా లేకపోవడమేమిటి? అంట్లు తోమిన గిన్నె మీద కూడా తోమిన దారి కనిపిస్తుంది. ఆ ప్రశ్నను మనసులో మడిచి పెట్టుకుని షాలిని కారెక్కింది.

పన్నెండూ అయిదుకు ఆళ్లగడ్డ షెడ్డు ముందు దిగేసరికి జయప్రకాష్ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. నలభై అయిదేళ్ల మనిషి, ఇస్త్రీ చొక్కా, నిద్ర లేని కళ్లు.

"పోలీసోళ్లు అంతా చూసిపోయినారు మేడం. మళ్లీ ఏందీ?"

"వాళ్లు మనిషిని చూసినారు. నేను బల్లను చూస్తా."

జీవరత్నం బల్ల కిటికీకి ఆనించి ఉంది. గరుకు కాగితాలు ముతక నుంచి సన్నం దాకా వరసగా మేకులకు వేలాడుతున్నాయి. అరచేతి వంపుకు చెక్కుకున్న కర్రపిడులు ఏడెనిమిది. ఎదుటి గోడ మీద బోర్డు: ఆమోదించిన పదార్థాలు తప్ప ఏదీ ప్లేటుకు తగలరాదు. ఆ బోర్డుకు సరిగ్గా కిందే, సొరుగు వెనకాల, గుడ్డ కప్పిన చిన్న రాతి గిన్నె దొరికింది. అందులో ఎర్రటి ముద్ద, అంచుల్లో ఎండి పగిలింది.

షాలిని వేలితో తీసి చూసింది. జేగురు. ఆళ్లగడ్డలో శిల్పుల వీధిలో తిరిగిన ఎవరికైనా తెలిసిన ఎర్రమట్టి. రాయి మీద గీతలు గీసుకోవడానికి వాడతారు. ఇక్కడ గీయడానికి ఏముంది?

"ఇదేంది సార్?"

"ఏమో. రాళ్లోళ్ల అలవాటు" అన్నాడు జయప్రకాష్. గిన్నె చూసి ఆశ్చర్యపోలేదు. ఆ సంగతీ షాలిని మనసులో రాసుకుంది.

గదిలో ఇంకో పక్క కొత్త యంత్రం. అద్దం పెట్టె, చేతులు దూర్చడానికి రెండు రబ్బరు తొడుగులు. ఇసక కన్నా సన్నని గాజుపూసలను గాలితో వస్తువు మీదికి కొడుతుంది. జనవరి పన్నెండున కొన్నానని, పది నిమిషాల్లో ఎంత గరుకు ముక్కైనా తళతళలాడుతుందని జయప్రకాష్ చెప్పాడు. చెప్పేటప్పుడు గొంతులో ఉత్సాహం లేదు. యంత్రం పక్కన పనికిరాని ముక్కొకటి పడి ఉంది. అదీ తళతళలాడుతోంది, ఒక్క గీత లేకుండా.

షాలినికి చేయి దురద పెట్టింది. జేగురు కాస్త నీళ్లతో కలిపి ఆ ముక్కకు పూసి, గుడ్డతో తుడిచింది. తళుకు అలాగే ఉంది, కానీ దాని నిండా ఎర్రటి దారాలు తేలాయి. వెంట్రుక కన్నా సన్నం, వందల కొద్దీ. గాజుపూసలు పలుకుల తలలు వంచి గుంటల నోళ్లు మూశాయంతే, గుంటలు ఎక్కడికీ పోలేదు. తర్వాత జీవరత్నం బల్ల మీద సగం పని అయిన ముక్క తీసి దానికీ పూసి తుడిచింది. అతను రుద్దిన మేర ఎరుపు మొత్తం గుడ్డకు వచ్చేసింది, రుద్దని మేర నిలబడింది. పైన మాత్రం సన్నని గీతలు, అన్నీ ఒకే దిక్కుకు.

ఆమె స్టూలు మీద కూర్చుంది. ఒక ముసలి మేస్త్రీ ఎప్పుడో నేర్పిన పరీక్ష ఇది. లక్షల యంత్రం చెప్పని నిజం పిడికెడు మట్టి చెబుతోంది. అదే మట్టిని మనిషి ఒంట్లోకి వెళ్లే వస్తువుకు పూయడం నేరమని గోడ మీద బోర్డు చెబుతోంది. జీవరత్నం ఎందుకు నోరు మూసుకున్నాడో ఇప్పుడు అర్థమైంది. పాపం, ఎంత బరువు మోస్తున్నాడు.

పన్నెండూ యాభైకి సీఐకి ఫోన్ చేసింది.

"సార్, స్పీకరు పెట్టి జీవరత్నమన్నను దగ్గిరికి పిలవండి. మీరు కూడా వినండి."

"నాకు కోర్టు కాగితాలున్నాయి మేడం."

"ఆ కాగితాలు తప్పని నేను కోర్టులో చెప్పేకంటే, మీకు ఇప్పుడు చెప్తే మీకే మంచిది."

అవతల జీవరత్నాన్ని పిలిచిన గొంతు. కుర్చీ లాగిన చప్పుడు.

"అన్నా, నేను షాలినిని. సొరుగు యెనకాల గిన్నె దొరికింది" అంది.

అవతల జీవరత్నం మాట వచ్చింది, ఆగి ఆగి.

"పూసి తుడిస్తే గుంటలో ఎరుపు నిలబడతాదమ్మా. నిలబడనంత వరకూ రుద్దాల. నాకు వేరే పని రాదు. కడిగితే పైన పోతాది గానీ, ఎముక పక్క బొక్కల్లో రొంత ఉండిపోతాది. మనిషి ఒంట్లోకి మట్టి పంపిస్తి నేను. వీరభద్రయ్య పోయినాడనేసరికి ఆ మట్టే ప్లేటును తినేసిందనుకున్యా. జయప్రకాషప్ప కూడా బయట అనొద్దన్యాడు. అంటే ఇంతవరకూ ఏసిన ప్లేట్లన్నీ తీయాల్సొస్తాదన్యాడు."

షాలిని జయప్రకాష్ వైపు చూసింది. అతను కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"మట్టి ప్లేటును విరగ్గొట్టదన్నా. నువ్వు చేసింది తప్పే, దానికి వేరేగా జవాబు చెప్పుకోవాల. ఇప్పుడు నేనడిగింది చెప్పు. జేగురు పూయకుండా యా ప్లేటన్నా ఇచ్చినావా?"

"ఒక్కటీ లేదు."

"సార్, విన్యారు కదా. నలభై ఒకటో ప్లేటు మీ బీరువాలోనే ఉంది. ఎముక పక్క బొక్కల్లో ఎరుపుందేమో చూడండి."

సీఐ ఆనందరావు గొణుగుతూ లేచాడు. బీరువా తెరిచిన చప్పుడు, కవరు చప్పుడు. భూతద్దం ఎవరినో అడిగి తెప్పించుకున్నాడు. మూడు నిమిషాలు పట్టింది.

"తెల్లగుంది" అన్నాడు చివరికి. "రెండు ముక్కలూ తెల్లగుండాయి."

"రుద్దిన గీతలు?"

"లేవు."

"అయితే అది అన్న చేతిలోంచి పోయింది కాదు సార్."

"మరెవరి చేతిలోంచి పోయింది?"

ఆ ప్రశ్నకు జవాబు షెడ్డులోనే ఉండాలి. షాలిని ఫోన్ బల్ల మీద పెట్టి జయప్రకాష్ వైపు తిరిగింది. "ఒక కొలతకు ఎన్ని అచ్చు వేస్తారు?"

"రెండు" అన్నాడు నెమ్మదిగా. "ఒకటి రోగికి. ఒకటి మా బీరువాకు. రేపెవరన్నా అడిగితే కోసి పరీక్ష చేయడానికి."

"రెండిటి మీదా ఒకటే నంబరా?"

"ఒకటే."

"బీరువా తెరవండి."

అతను తాళం తీసి పక్కకు జరిగాడు. లోపల చిన్న చిన్న ట్రేలు, నంబర్ల వరసన. నలభై ఒకటి తీసింది. తళుకు లేదు. మసక వెండి రంగు, ఒకే దిక్కుకు సాగిన సన్నని గీతలు. తిప్పి భూతద్దం పెట్టింది. బొక్కల అడుగున, నలుసంత, ఎరుపు.

జీవరత్నం మూడు రోజుల పని బీరువాలో భద్రంగా ఉంది. వీరభద్రయ్య తొడలోకి వెళ్లింది గాజుపూసల దెబ్బ తిన్న ముక్క.

"ప్యాకింగు ఎవరు చేస్తారు?"

"నేనే మేడం. వేరేవాళ్లను నమ్మను." జయప్రకాష్ గోడకు ఆనుకున్నాడు. "ముందంతా బీరువా ముక్కను ముట్టుకునేవాళ్లం కాదు, గరుకుగా ఉంటే తేడా తెలిసేది. మిషను వచ్చినాక దాన్ని కూడా శుభ్రంగా పెడదామని కొట్టినా. రెండూ ట్రేలో పక్కపక్కన ఉంటే ఒకటి మెరుస్తాంది, ఒకటి గీతలతో మసగ్గా ఉంది. మెరిసేదే నునుపు చేసింది అనుకున్యా. దాన్నే పెట్టెలో పెట్టినా. ఎవరైనా అట్లే అనుకుంటారు కదా."

అది నిజమే. పెండ్లి చూపుల్లోనూ జనం అలాగే అనుకుంటారు. షాలినికి అతని మీద జాలి కలిగింది, ఓ అర నిమిషం.

ఫోన్లోంచి సీఐ గొంతు వచ్చింది. గొంతు మారింది. "అంతా విన్యా మేడం. జయప్రకాష్‌ను ఆడనే ఉండమనండి, మా వాళ్లను పంపిస్తా. జీవరత్నం, ఊరుకోప్పా, ఏడవొద్దు. పొద్దున్నించీ ఏమీ తినలేదంట నువ్వు. ఉండు." తర్వాత ఎవరికో చెబుతున్నాడు, ఫోనుకు దూరంగా.

గెలిచినట్టే. ఒంటిగంటా అయిదు, నాలుగింటికి ఇంకా మూడు గంటలు. షాలినికి గుండె తేలిక పడాలి. పడలేదు. ఏదో ఒకటి లోపల కాలి కింద రాయిలా గుచ్చుకుంటూనే ఉంది. జయప్రకాష్ ముఖం. దొంగ దొరికిపోయాక కాస్త నెమ్మదిస్తాడు. ఇతని చూపు బీరువా మీంచి కదలడం లేదు.

"మిషను వచ్చినాక ఎన్ని ప్లేట్లు బయటికి పోయినాయి?"

"రెండే."

"నలభై ఒకటి. ఇంకోటి?"

షాలిని చేయి తనంతట తానే పక్క ట్రే మీదికి వెళ్లింది. నలభై రెండు. మసక వెండి రంగు. గీతలు ఇంకా సన్నగా, ఇంకా దగ్గర దగ్గరగా ఉన్నాయి. తిప్పింది. బొక్కల అడుగున ఎరుపు. ట్రేకు అంటించిన చీటీ మీద రోగి పేరు చదివింది.

పొద్దున మెట్ల కింద విన్న మాటలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. డాక్టరు ఎక్కొచ్చన్నాడు, ఈయప్ప వద్దంటాండాడు. దినామూ ఆటో. మంగళవారం నుంచి.

"వీరభద్రయ్య పోయిన దినమే నువ్వు బీరువా చూసినావు" అంది. గొంతు పెద్దది కాలేదు గానీ మర్యాద మాత్రం పోయింది. "ఆ దినమే నీకు తెలిసింది. నాలుగు దినాలు ఆమెకు ఆటో పంపించినావు గానీ, కాల్లో ఏముందో చెప్పలేదు."

"ఎట్ల చెప్పేది మేడం" అన్నాడు జయప్రకాష్. కిందికి జారి నేల మీద కూర్చున్నాడు. "ఆ ఇంట్లో నన్ను దేవుణ్ణి చూసినట్టు చూస్తారు."

షాలిని ఫోన్ అందుకుంది. "సార్, లూదియక్క యాడుంది?"

"ఇదిగో, ఇప్పుడే పైకి రమ్మని చెప్పి పంపించినా. మొగుడు పెండ్లాలు కూర్చుని అన్నం తింటారని. క్యారియరు తీసుకోని వస్తాంది."

అతని మాటల వెనక, దూరంగా, ఒక చప్పుడు వినిపిస్తోంది. చేతికర్ర మెట్టుకు తగిలే చప్పుడు. ఒకటి. ఆగి, ఇంకొకటి.

"సార్, ఆమెను ఆపండి. ఆమె కాల్లో ఉన్నది కూడా అదే. నలభై రెండు. అడుగు వేయనియ్యొద్దు, ఉన్నచోటే కూర్చోబెట్టండి."

ఆనందరావు ఈసారి ఎదురు ప్రశ్న వేయలేదు. కుర్చీ పడిపోయిన చప్పుడు, బూట్లు పరుగెత్తిన చప్పుడు. నలభై అయిదు కిలోమీటర్ల ఇవతల షాలిని ఫోన్ చెవికి నొక్కుకుని నిలబడింది. చేయగలిగింది ఏమీ లేదు. కర్ర చప్పుడు ఇంకోసారి వినిపించింది. ఆ తర్వాత వినిపించలేదు.

అప్పుడు మెట్ల మీదినుంచి సీఐ గొంతు, ఆయాసంతో. "పట్టుకున్యాం. పదమూడో మెట్టు. కూర్చోబెట్టినాం. ఒరే, స్ట్రెచరు తెప్పించండిరా, ఆమెను కదపొద్దు." దాని వెనకాల లూదియా, కాస్త విసుగ్గా. "ఏమైందప్పా? ఇంక తొమ్మిది మెట్లు. అన్నం చల్లారిపోతాంది."

షాలిని కళ్లు మూసుకుంది. ఫోన్ అవతల గదిలో ఇంకో మనిషి ఉన్నాడని అప్పుడు గుర్తొచ్చింది. అతను ప్రతి మాటా విన్నాడు. నలభై రెండు ఎవరిదో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"అమ్మా" అన్నాడు జీవరత్నం. ఫోన్ దగ్గరికి వచ్చాడేమో, మాట చెవిలోనే వినిపించింది. "లూదియాను కర్నూల్లో వాళ్ల చెల్లెలి దగ్గిర ఇడిసిపెట్టి వచ్చి చేసినా నేను. అందరికీ మూడు దినాలు చేస్తా. ఆమెది కదా అని నాలుగో దినం గూడా చేసినా. అది యాడుంది?"

షాలిని తన అరచేతిలోకి చూసుకుంది.

"నా చేతిలో ఉందన్నా."